చిన్న పట్టణంలో బడి ఎంపిక: ఉత్తీర్ణత శాతం వెనక ఎవరి పిల్లలున్నారు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటికల్లా చిన్న పట్టణాల్లో బస్టాండు సెంటర్‌ నిండా ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఒకదాని మీద 590 మార్కులు దాటిన నలుగురి ఫొటోలు, పక్కదాని మీద వంద శాతం ఉత్తీర్ణత. ఊళ్లోని పేద పిల్లల్లో ఎక్కువమంది చదివే జిల్లా పరిషత్ హైస్కూల్‌కి ఎంత వచ్చిందో మాత్రం ఎవరినైనా అడిగితే తప్ప తెలియదు. ఆరో తరగతికి పిల్లల్ని ఎక్కడ చేర్చాలో తేల్చుకోలేని తల్లిదండ్రులు ఈ ఫ్లెక్సీలు చూసే సగం నిర్ణయం తీసేసుకుంటారు.

ఒక బడి ఉత్తీర్ణత శాతం చూస్తే అక్కడ చదువు ఎంత బాగా చెప్పారో కొంతే తెలుస్తుంది. అక్కడ చేరిన పిల్లలు ఎలాంటి ఇళ్ల నుంచి వచ్చారో చాలా తెలుస్తుంది. అందుకే “ఏ బడి మంచిది?” అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. “మా పిల్లలాంటి పిల్లలు ఏ బడిలో ఎక్కువ నేర్చుకుంటున్నారు?” అని అడిగితే దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిన్న పట్టణాల్లో సాధారణంగా అందుబాటులో ఉండే బడులను ఆ ప్రశ్నతోనే పోల్చి చూద్దాం.

## ముందు ఏం చూడాలి

లోపలికి ఎవరు వస్తున్నారు? ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకునే బడికీ, వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకునే బడికీ ఫలితాల్లో తేడా ఉండి తీరుతుంది. విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం మామూలు బడులు ప్రవేశానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదు. అయినా చాలా ప్రైవేటు బడుల్లో ‘చిన్న టెస్టు’ ఉంటుంది, తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం అడుగుతారు. అవేవీ లేకపోయినా ఫీజు దానంతట అదే ఒక వడపోత.

మధ్యలో ఎవరు వెళ్లిపోతున్నారు? నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఎవరూ అడగనిదీ ఇదే. ఎనిమిదో తరగతిలో 60 మంది ఉండి, పదో తరగతి పరీక్ష 41 మందే రాస్తే మిగిలిన 19 మంది ఏమయ్యారు? కొందరు ఊరు మారి ఉంటారు, కొందరు ఫీజు కట్టలేక మానేసి ఉంటారు. “మీ వాడు ఇక్కడ తట్టుకోలేడు, వేరే బడి చూసుకోండి” అని తొమ్మిదో తరగతి చివర్లో టీసీ చేతిలో పెట్టించుకున్నవాళ్లూ ఉంటారు. ఆ పిల్లలు ఎక్కువగా చేరేది జిల్లా పరిషత్ హైస్కూల్లోనే. వాళ్లు ఫెయిలైతే ఆ తగ్గుదల ఆ హైస్కూల్ ఖాతాలో పడుతుంది, వంద శాతం ఫ్లెక్సీ పాత బడికి మిగులుతుంది.

ఎంతమంది, ఏ సంవత్సరం? పదిహేను మంది రాసే బడిలో ఒక్కరు తప్పితే దాదాపు 7 శాతం పడిపోతుంది. నూట ఇరవై మంది రాసే బడిలో ఒక్కరు తప్పితే ఒక శాతం కూడా తగ్గదు. చిన్న బడి ఒక ఏడాది వంద, మరుసటి ఏడాది 80 తెచ్చుకుంటే అక్కడ చదువు చెడిపోయినట్టేమీ కాదు. కనీసం మూడేళ్ల సంఖ్యలు కలిపి చూడాలి.

ఏడాదికీ ఏడాదికీ రాష్ట్ర సగటే చాలా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఒక బడి 2022లో 75, 2024లో 85 తెచ్చుకుందంటే ‘పది శాతం పెరిగాం’ అని ప్రకటించుకోవచ్చు. నిజానికి ఆ బడి రాష్ట్ర సగటు కన్నా పైనుంచి కిందికి జారింది. తెలంగాణలో 2024లో 91.31, 2025లో 92.78. అక్కడ సబ్జెక్టుకు 20 ఇంటర్నల్ మార్కులు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో మార్కులన్నీ పబ్లిక్ పరీక్షవే. కాబట్టి మధిర, తిరువూరు లాంటి సరిహద్దు పట్టణాల వాళ్లు అటు బడినీ ఇటు బడినీ ఉత్తీర్ణత శాతంతో పోల్చడంలో అర్థం లేదు.

అబ్బాయిలెందరు, అమ్మాయిలెందరు? ఆంధ్రప్రదేశ్‌లో 2025లో అమ్మాయిల ఉత్తీర్ణత 84.09 శాతం, అబ్బాయిలది 78.31. దాదాపు ఆరు శాతం తేడా. బాలికల బడినీ, అబ్బాయిలు ఎక్కువగా ఉన్న బడినీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

పాఠం చెప్పేదెవరు? మిగతా సౌకర్యాలన్నీ దీని తర్వాతే. లెక్కలు, ఫిజికల్ సైన్స్, ఇంగ్లిష్ టీచర్ల పోస్టులు నిండి ఉన్నాయా, ఖాళీగా ఉన్నాయా, డిప్యుటేషన్ మీద సగం రోజులు వేరే బడికి వెళ్తున్నారా? ప్రైవేటులో అయితే జూన్‌లో కనిపించిన లెక్కల సార్ జనవరిలోనూ ఉంటున్నారా?

## శాతం ఎలా తలకిందులవుతుందో చూడండి

ఒక ఊహాజనితమైన లెక్క వేద్దాం. ఊళ్లో రెండు బడులు, రెండింట్లోనూ వందేసి మంది పదో తరగతి రాశారు.

| పిల్లలు | ప్రైవేటు బడి | ప్రభుత్వ హైస్కూల్ |
|---|---|---|
| చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలు | 90 మందిలో 81 పాస్ (90 శాతం) | 20 మందిలో 19 పాస్ (95 శాతం) |
| ఇంట్లో మొదటి తరం చదువరులు | 10 మందిలో 5 పాస్ (50 శాతం) | 80 మందిలో 52 పాస్ (65 శాతం) |
| మొత్తం | 86 శాతం | 71 శాతం |

చదువుకున్న ఇంటి పిల్లలైనా, మొదటి తరం పిల్లలైనా ప్రభుత్వ హైస్కూల్లోనే ఎక్కువ శాతం పాసయ్యారు. మొత్తం దగ్గరకొచ్చేసరికి ప్రైవేటు బడి 15 శాతం పైన కనిపిస్తోంది. ఎక్కడా దొంగలెక్క లేదు. ఏ బడిలో ఎలాంటి పిల్లలు ఎక్కువ ఉన్నారన్నదే మొత్తాన్ని మార్చేసింది. మీ ఊళ్లో ఇలాగే ఉంటుందని అనడం లేదు, దీనికి పూర్తిగా ఎదురుగా కూడా ఉండొచ్చు. మొత్తం శాతం ఒక్కటే చూస్తే ఏది నిజమో తెలిసే మార్గం లేదన్నదే విషయం.

నిజంగా జరిగిన పరిశోధనా ఒకటుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008 నుంచి నాలుగేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో దీన్ని పరీక్షించి చూశారు. ప్రైవేటు బడికి వెళ్లాలని దరఖాస్తు పెట్టుకున్న పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్లకు ఫీజు కట్టారు. లాటరీ కాబట్టి రెండు గుంపుల పిల్లలూ ఒకే రకం ఇళ్లవాళ్లు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ప్రైవేటుకు వెళ్లినవాళ్లకూ ప్రభుత్వ బడిలో ఉండిపోయినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నారు. అక్కడ హిందీ మొదటినుంచీ చెబుతారు మరి.

ఇదే ఫలితాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ గంటలు కేటాయించి కూడా అంతే ఫలితం తెచ్చాయి. ఒక్కో పిల్ల మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. కాబట్టి ప్రైవేటు టీచర్లు ఏమీ చేయడం లేదనడమూ తప్పే. ఇది పల్లెటూళ్లలో, ప్రాథమిక తరగతుల పిల్లల మీద జరిగిందని మరిచిపోకుండా, ఫ్లెక్సీ మీది తేడాలో పెద్ద భాగం ఇంటి నుంచి వచ్చిందేనని మాత్రం నమ్మకంగా అనుకోవచ్చు.

ప్రభుత్వమే ఈ సంగతిని ఒకచోట ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్ ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో, నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు పదో తరగతి మార్కులకు 4 శాతం ‘డిప్రివేషన్ స్కోర్’ కలుపుతారు. ఆ బడిలో కూర్చుని అన్ని మార్కులు తెచ్చుకోవడం ఎక్కువ కష్టమని గుర్తించి ఇచ్చే మార్కులవి.

## ఏ బడిలో ఎవరు

| బడి | ప్రవేశం | ఎక్కువగా ఎవరి పిల్లలు | ఫలితం చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది |
|---|---|---|---|
| జడ్పీ / మున్సిపల్ హైస్కూల్ | వచ్చిన వారందరికీ | కూలీలు, చిన్న రైతులు, వలస కుటుంబాలు | ఎవరినీ వడపోయలేదు, మధ్యలో చేరినవాళ్లూ ఉంటారు |
| ఎయిడెడ్ (ప్రైవేటు యాజమాన్యం, టీచర్లకు ప్రభుత్వ జీతం) | దాదాపు అందరికీ | పాతకాలపు స్థానిక కుటుంబాలు, పేదలు | టీచర్ల ఖాళీలు |
| ఊళ్లోని ప్రైవేటు | ఫీజు, చిన్న టెస్టు | దుకాణదారులు, ఉద్యోగులు, కొంచెం ఉన్న రైతులు | తొమ్మిదో తరగతిలో వెళ్లిపోయినవాళ్లు |
| కార్పొరేట్ బ్రాంచి | ఎక్కువ ఫీజు, సెక్షన్ల విభజన | స్థిరమైన ఆదాయం ఉన్నవాళ్లు | ఫొటోలు ఏ సెక్షన్ పిల్లలవి |
| మోడల్ స్కూల్ | ఆరో తరగతికి పరీక్ష | బాగా చదివే పల్లె పిల్లలు | పరీక్ష వడపోత |
| గురుకులం | ఎక్కువగా ఐదో తరగతికి పరీక్ష | ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు | వడపోతతో పాటు హాస్టల్ స్టడీ అవర్స్ |
| కేజీబీవీ (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం) | పరీక్ష లేదు | అనాథలు, బడి మానేసిన బాలికలు, నిరుపేదలు | అమ్మాయిలే, ఆరంభ స్థాయి తక్కువ |
| నవోదయ | జిల్లా అంతటికీ పరీక్ష | ఎక్కువగా గ్రామీణ పిల్లలు | జిల్లా మొత్తంలో 80 మంది |

### జిల్లా పరిషత్ హైస్కూల్, ఊళ్లోని ప్రైవేటు బడి

ఎక్కువ కుటుంబాలు తటపటాయించేది ఈ రెండిటి మధ్యే.

జడ్పీ హైస్కూల్ టీచర్లు డీఎస్సీ రాసి వచ్చినవాళ్లు. సబ్జెక్టు బాగా తెలిసినవాళ్లు, ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవాళ్లు అక్కడే ఎక్కువ. బలహీనత రెండు చోట్ల ఉంది. ఒకటి పోస్టుల ఖాళీ: లెక్కల టీచర్ బదిలీ అయితే ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీగా ఉండొచ్చు. రెండోది ఒకే తరగతి గదిలో పిల్లల స్థాయిలో ఉండే అంతరం. ఎనిమిదో తరగతిలో పేరా చదవలేని పిల్లవాడూ, ట్రిపుల్ ఐటీ సీటు తెచ్చుకోగల అమ్మాయీ ఒకే బెంచీ మీద ఉంటారు. టీచర్ ఎవరికని చెప్పాలి? మంచి హెడ్మాస్టర్ ఉన్న బడిలో ఉదయం, సాయంత్రం అదనపు తరగతులు పెట్టి ఈ అంతరాన్ని పూడ్చే ప్రయత్నం చేస్తారు. లేని చోట ఆ పిల్లవాడు అలాగే తొమ్మిదికి, పదికి వెళ్లిపోతాడు.

ప్రైవేటు బడిలో టీచర్ జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ, ఏడాది మధ్యలో మానేయడం మామూలు. కానీ తరగతి ఖాళీగా ఉండదు. హోంవర్క్ చూస్తారు, బడికి రాకపోతే ఫోన్ చేస్తారు, డైరీ రాస్తారు. పగలంతా పనిలో ఉండే తల్లిదండ్రులు డబ్బు కట్టేది నిజానికి ఈ నిఘా కోసమే, అది న్యాయమైన కారణమే. బలహీనత బట్టీ పద్ధతిలో ఉంది.

అది పట్టుకోవడానికి నోటుబుక్కులు చూడండి. ఏడో తరగతి సైన్స్ నోట్సులు నాలుగు పక్కపక్కన పెట్టండి. నాలుగింట్లో ‘కిరణజన్య సంయోగక్రియ’ జవాబు ఒకే మాటలతో, ఒకే చోట పేరా ఆపి, ఒకే తప్పుతో సహా ఉండి, చివర ఎర్ర టిక్కు ఉంటే అది బోర్డు మీంచి దింపిన జవాబు. అదే లెక్కల పుస్తకంలో ఒక భిన్నాల లెక్క తప్పు చేసి, కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో మళ్లీ చేసి, టీచర్ ‘ఇక్కడ హారం చూడు’ అని రాసి ఉంటే, ఆ గదిలో నేర్చుకోవడం జరుగుతోంది. ఆ పుస్తకం ప్రభుత్వ బడిలో దొరికినా, ప్రైవేటు బడిలో దొరికినా ఆ టీచర్ దగ్గర చేర్చండి.

ఇంగ్లిష్ మీడియం కోసమే ప్రైవేటు అనే వాదన ఇప్పుడు బలహీనపడింది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. మీడియం పేరు ఏదైనా, పిల్లలకు అర్థమయ్యే భాషలో వివరించి తర్వాత ఇంగ్లిష్ మాట అలవాటు చేసే టీచర్ ఉన్నారా లేదా అన్నదే తేడా తెస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. చిన్న పట్టణాల్లో బడులు డబ్బు లెక్కన, కులం లెక్కన చీలిపోతున్నాయి. ఒకప్పుడు తాసిల్దారు కొడుకూ, పాలేరు కొడుకూ ఒకే హైస్కూల్లో చదివేవారు. ఇప్పుడు కాస్త సత్తా ఉన్న ప్రతి కుటుంబమూ బయటికి వెళ్లిపోవడంతో, సర్కారు బడిని గట్టిగా నిలదీసే గొంతులూ వెళ్లిపోయాయి. ఒకే ఇంట్లో అబ్బాయిని ప్రైవేటుకు, అమ్మాయిని ప్రభుత్వ బడికి పంపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. డబ్బు ఒకరికే సరిపోతుందనుకుంటే ఎవరికి ఎక్కువ అవసరమో చూసి నిర్ణయించండి, ఆడ మగ చూసి కాదు.

### కార్పొరేట్ బ్రాంచి

పట్టణంలో ఇలాంటి బ్రాంచి ఉంటే అడగాల్సిన ప్రశ్న ఒకటే: మా పిల్లను ఏ సెక్షన్‌లో వేస్తారు? స్టార్ బ్యాచ్‌కి వచ్చే టీచర్లూ, చివరి సెక్షన్‌కి వచ్చే టీచర్లూ ఒకరేనా? ఫ్లెక్సీ మీది ఫొటోలు మీ ఊరి బ్రాంచి పిల్లలవేనా, రాష్ట్రంలోని అన్ని బ్రాంచీల నుంచి ఏరినవా? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని రాత్రిదాకా కూర్చోబెడితే తట్టుకునే పిల్లలు కొందరుంటారు. చాలామందికి మిగిలేది టెన్షన్.

### ప్రవేశ పరీక్షతో చేరే బడులు

గురుకులాలకు మంచి చరిత్ర ఉంది. 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పేద పల్లె పిల్లలు రాష్ట్ర ర్యాంకులు కొట్టగలరని అవి నిరూపించాయి. ఇప్పటి సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు ఆ దారిలో వచ్చినవే. ఒకే సామాజిక నేపథ్యం ఉన్న పిల్లలే అయినా జడ్పీ బడి కన్నా గురుకులం ఫలితం మెరుగ్గా ఉంటే దానికి మూడు కారణాలు: పరీక్ష రాసి వచ్చారు, ఇంటి పనీ కూలి పనీ లేవు, సాయంత్రం కూర్చుని చదివే చోటుంది. మీ ఇంట్లో ఆ మూడోది లేకపోతే గురుకులం నిజంగా పెద్ద మేలు. కానీ పదేళ్ల పిల్ల ఇల్లు వదిలి ఉండగలదా అన్నది మార్కులతో తేలే విషయం కాదు. చేర్చే ముందు హాస్టల్ వంటగది, బాత్రూములు, రాత్రి డ్యూటీ ఎవరిదో స్వయంగా చూడండి.

నవోదయకు ఐదో తరగతి చదువుతున్న ఏడాదిలోనే, ఒక్కసారే రాయాలి. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, అందులో సగం మెంటల్ ఎబిలిటీ, మిగతావి అంకగణితం, భాష. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు, మూడో వంతు అమ్మాయిలకు. పట్టణంలో చదివే పిల్లలకు పోటీ మరీ ఎక్కువన్నమాట. తొమ్మిదో తరగతిలో 30 శాతం మందిని ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు పంపుతారు, దానికీ సిద్ధపడాలి. సీటు వస్తే వదులుకోవద్దంటాను. రాకపోతే పిల్ల తెలివి తక్కువని మాత్రం అనుకోవద్దు. జిల్లాకు 80 సీట్లంటే బాగా చదివే పిల్లల్లో చాలామందికి రాదు.

మోడల్ స్కూల్ ఈ హాస్టల్ బడులకీ, జడ్పీ హైస్కూల్‌కీ మధ్య రకం. పరీక్ష ఉంది, పిల్లలు చాలావరకు ఇంటి నుంచే వెళ్లొస్తారు, ఇంటర్ దాకా అక్కడే చదవొచ్చు. ఊరికి దూరంగా కట్టిన చోట్ల బస్సు సౌకర్యం చూసుకోవాలి.

### కేజీబీవీ

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలయ్యాయి. కనీసం 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు, మిగతావి దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు. తల్లో తండ్రో లేని పిల్లలు, ఏడాదో రెండేళ్లో బడి మానేసి తిరిగి వచ్చిన పిల్లలు ఇక్కడికే వస్తారు. ఇలాంటి బడి 80 శాతం తెచ్చుకుందంటే, అది ఊళ్లోని ప్రైవేటు బడి వంద శాతం కన్నా గొప్పని నా గట్టి నమ్మకం. బయట ఎవరూ ఫ్లెక్సీ కట్టకపోయినా సరే.

ఎయిడెడ్ బడుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఒకప్పుడు పట్టణానికి పేరు తెచ్చినవి అవే. టీచర్లు రిటైరవుతుంటే కొత్తవాళ్లు రాని చోట వెనకబడ్డాయి. సబ్జెక్టు టీచర్లందరూ ఉంటే చేర్చండి, లేకపోతే వద్దు.

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

ఇద్దరూ పనికి వెళ్తారు, ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేరు. మీకు కావలసింది బడి సమయం తర్వాత పిల్లను పట్టించుకునే చోటు. ముందు గురుకులానికి ప్రయత్నించండి. రాకపోతే, సాయంత్రం స్టడీ అవర్స్ పెట్టే జడ్పీ హైస్కూల్ ఉంటే అప్పు చేసి ప్రైవేటుకు పంపాల్సిన పని లేదు. ఆ ఫీజులో కొంత సాయంత్రం ట్యూషన్‌కు, కొంత మంచి పుస్తకాలకు పెట్టినా ఎక్కువ ఫలితం ఉంటుంది. ప్రభుత్వ బడిలో ఉంటే ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రైవేటు, నవోదయ, రెసిడెన్షియల్ బడుల పిల్లలకు ఇది లేదు.

మీరు చదువుకున్నవాళ్లు, పిల్ల బాగా చదువుతుంది. ఏ బడిలో వేసినా పాసవుతుంది కాబట్టి ఉత్తీర్ణత శాతం మీకు పనికొచ్చే అంకె కాదు. మీ పిల్లలాంటివాళ్లు ఆ బడిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లకు పైస్థాయి లెక్కలు చెప్పగల టీచర్ ఉన్నారా అని చూడండి. మంచి టీచర్లున్న జడ్పీ బడిలో చదివితే ట్రిపుల్ ఐటీకి ఆ 4 శాతం కూడా కలిసొస్తుంది.

పిల్ల వెనకబడి ఉంది. వంద శాతం ఫ్లెక్సీ ఉన్న బడి మీకు అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ వంద కాపాడుకోవడానికి రేపు వదిలించుకునేది ముందుగా మీ పిల్లనే. మూడో తరగతి తెలుగు వాచకంలో పిల్ల ఇదివరకు చూడని పేజీ తీసి చదివించండి. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. రెండూ రాకపోతే బడి ఏదైనా సరే, ఆ రెండు నేర్పడానికి ముందుకొచ్చే టీచర్‌ను వెతకండి. తరగతిలో 30, 35 మందికి మించని చోటు మేలు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉందా, వాళ్లకు చెప్పే ఐఈఆర్‌టీ టీచర్ ఏ బడికి వస్తారు అన్నది ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయంలో అడగండి. ఈ సాయం ప్రభుత్వ బడుల చుట్టూనే ఉంది.

## అడగాల్సినవి, చూడాల్సినవి

ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్లో ఆ కోడ్ కొడితే తరగతి వారీగా పిల్లలెందరు, అబ్బాయిలూ అమ్మాయిలూ, సామాజిక వర్గాల వారీ సంఖ్య, టీచర్లెందరు, గదులెన్ని అన్నీ కనిపిస్తాయి. ఈ ఏడాది పదో తరగతి సంఖ్య పక్కన రెండేళ్ల కిందటి ఎనిమిదో తరగతి సంఖ్య పెట్టి చూడండి. పైన చెప్పిన ‘ఎవరు వెళ్లిపోతున్నారు’ అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రైవేటు బడిలో అడగండి: పదో తరగతి దాకా గుర్తింపు ఉందా? మా పిల్ల నామినల్ రోల్స్ (పదో తరగతి పరీక్షకు పంపే పేర్ల జాబితా) ఏ బడి పేరు మీద వెళ్తాయి? గుర్తింపు ఏడో తరగతి వరకే ఉండి, పదో తరగతి పిల్లల పేర్లు ఇంకో బడి నుంచి పంపే చోట్లున్నాయి. అక్కడ ఏ తేడా వచ్చినా నష్టపోయేది పిల్లలే. ప్రభుత్వ బడిలో అడగండి: ఖాళీ పోస్టులేవి, ఈ ఏడాది ఎవరు రిటైరవుతున్నారు, ఎస్‌ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) సమావేశాలు నిజంగా జరుగుతున్నాయా? ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది. మీరు చేరితే మీ పిల్ల తరగతిలో లెక్కల టీచర్ లేని సంగతిని కాగితం మీద పెట్టించగలరు.

బడి మార్చాలనుకుంటే ఆరో తరగతి, లేదంటే ఎనిమిది సరైన సమయం. తొమ్మిది పూర్తయ్యాక మార్చడం పిల్లకు చాలా కష్టం. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఇవ్వకుండా తిప్పుతుంటే ఏడాది పోగొట్టుకోవద్దు. ఎనిమిదో తరగతి వరకు, టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు ప్రవేశం ఆపకూడదని విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. హెచ్‌ఎంకి ఆ సెక్షన్ గుర్తుచేసి పిల్లను అదే రోజు తరగతిలో కూర్చోబెట్టమనండి, టీసీ తర్వాత తెచ్చి ఇవ్వొచ్చు.